పాత ట్రక్కు కొండెక్కాలంటే...

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్‌లోకి దూకేసిన వేలమందిలో నేనూ ఒకణ్ణి. పగలంతా జావా కోడ్ రాసుకునే నన్ను డల్లాస్‌లో తెలిసినవాళ్ళు ఇప్పటికీ ‘మెకానికల్ తమ్ముడు’ అనే పిలుస్తారు. ఎవరి కారు కొత్త శబ్దం చేసినా ఫోన్ నాకే వస్తుంది. అలా వచ్చిన ఓ ఫోనే ఈ కథనానికి మూలం.

మా జిల్లాకే చెందిన ఓ అన్నా వదినా ఇక్కడ ఫుడ్ ట్రైలర్ నడుపుతారు. దోశలు, పునుగులు, వారాంతాల్లో బిర్యానీ. పెనం, గ్యాస్ సిలిండర్లు, నీళ్ళ ట్యాంకు, జనరేటర్ అన్నీ కలిపితే ట్రైలర్ 5,000 పౌన్లు. అంటే దాదాపు 2,270 కిలోలు. దాన్ని లాగేది 2003 మోడల్ షెవర్లే సిల్వరాడో 1500. లోపల ఉన్నది 5.3 లీటర్ల వీ8 పెట్రోల్ ఇంజన్. డల్లాస్ చుట్టూ నేల చదును కాబట్టి ఇన్నాళ్ళూ బండికి కష్టం తెలియలేదు. ఇప్పుడు వాళ్ళు వ్యాపారాన్ని డెన్వర్‌కి మార్చాలనుకున్నారు. దారిలో న్యూమెక్సికో, కొలరాడో సరిహద్దున రాటన్ పాస్ ఉంది. ఎత్తు 7,834 అడుగులు.

‘‘తమ్ముడూ, కొత్త ట్రక్కంటే యాభై వేల డాలర్ల పైమాటే. ట్రైలర్ అప్పే ఇంకా తీరలేదు. ఈ పాత ఇంజన్‌కే పవర్ పెంచే మార్గం ఏదైనా ఉందా?’’ అని అడిగాడు అన్న.

ఉంది. కాకపోతే చాలామంది వెతికే చోట కాదు.

లెక్క వేద్దాం

ఈ ఇంజన్‌కి కంపెనీ చెప్పే పవర్ 285 హార్స్‌పవర్. ట్రక్కు, ట్రైలర్, మనుషులు కలిపి 10,500 పౌన్లు అనుకుందాం. 6 శాతం వాలున్న ఘాట్‌ని గంటకు 55 మైళ్ళ వేగంతో ఎక్కడానికి, కేవలం ఆ బరువుని పైకి లేపడానికే చక్రాల దగ్గర 92 హార్స్‌పవర్ కావాలి. ఎదురుగాలి, టైర్ల రాపిడి అదనం. అయినా 285 ఉంది కదా, సరిపోదా అంటారు మీరు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ 285 వచ్చేది ఇంజన్ 5,200 ఆర్‌పీఎం దగ్గర తిరిగినప్పుడే. హైవే మీద నాలుగో గేర్లో 65 మైళ్ళ వేగంతో పోతుంటే ఈ ట్రక్కు ఇంజన్ తిరిగేది 1,700 దగ్గర. అక్కడ ఆ పవర్‌లో సగం కూడా రాదు. రెండోది ఎత్తు. టర్బో లేని పెట్రోల్ ఇంజన్‌కి ప్రతి 1,000 అడుగులకూ సుమారు 3 శాతం పవర్ తగ్గుతుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి. ఆ లెక్కన రాటన్ పాస్ మీద 285 కాస్తా 220కి దిగిపోతుంది.

అసలు కిటుకు వెనక యాక్సిల్‌లో

వరి బస్తాలతో కాలువ గట్టు ఎక్కే ట్రాక్టర్‌ని చూశారుగా! డ్రైవర్ లో గేర్ వేస్తాడు. ఇంజన్ అదే, ఎక్కువ చుట్లు తిరిగి, చక్రాన్ని నెమ్మదిగా, బలంగా తిప్పుతుంది. పికప్ ట్రక్కుల్లో ఈ పని గేర్‌బాక్స్‌తో పాటు వెనక యాక్సిల్‌లో ఉండే క్రౌన్ పినియన్ కూడా చేస్తుంది. అన్నవాళ్ళ బండిలో ఆ రేషియో 3.42. మైలేజీ కోసం ఇచ్చిన రేషియో అది. దాన్ని 4.10కి మారిస్తే ఇంజన్‌ని ముట్టుకోకుండానే ప్రతి గేర్లోనూ చక్రాలకు చేరే టార్క్ 20 శాతం పెరుగుతుంది. ఆ డబ్బుతో ఇంజన్‌కి ఏది బిగించినా అంత తేడా రాదు.

మీ సిల్వరాడోలో ఏ రేషియో ఉందో తెలుసుకోవాలంటే గ్లోవ్ బాక్స్‌లోని స్టిక్కర్ చూడండి. జీయూ6 అని ఉంటే 3.42, జీటీ4 అయితే 3.73, జీటీ5 అయితే 4.10. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు యాక్సిల్ కూడా మార్చాల్సిందే. లేకపోతే రెండూ ఒకదానితో ఒకటి కొట్లాడతాయి. స్పీడోమీటర్‌ని కంప్యూటర్‌లో మళ్ళీ సరిచేయించాలి. ఇంకో మాట: చూడ్డానికి బాగుంటాయని పెద్ద టైర్లు వేస్తే లాగే బలం తగ్గుతుంది. 31 అంగుళాల నుంచి 33కి మారితే దాదాపు 6 శాతం పోయినట్టే.

ముందు పోయింది వెనక్కి తెచ్చుకోండి

ఇరవై ఏళ్ళ ఇంజన్ పుట్టినప్పటి పవర్ ఇస్తోందని నమ్మకం లేదు. స్పార్క్ ప్లగ్గులు, వైర్లు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూయెల్ ఫిల్టర్ మార్చాలి. గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ని దాని కోసమే అమ్మే స్ప్రేతో శుభ్రం చేయాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోతే ఇంజన్‌కి ఊపిరాడదు. అలాగని దాన్ని పీకేయించడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మంచిది కొత్తది వేయించుకోవాలి.

అన్నకి ఎవరో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ గురించి చెప్పారట. వద్దన్నాను. శబ్దం గంభీరంగా ఉంటుంది గానీ ట్రైలర్‌కి తేడా తెలియదు. ప్రీమియం పెట్రోల్ కూడా అంతే. ఈ ఇంజన్ 87 ఆక్టేన్‌కి తయారైంది. నాకింగ్ లేకపోతే ఖరీదైన పెట్రోల్‌తో అదనపు బలం రాదు. అయితే కొలరాడోలో రెగ్యులర్ పేరుతో 85 ఆక్టేన్ అమ్ముతారు. బరువు లాగుతున్నప్పుడు అది కొట్టించకండి.

గేర్‌బాక్స్‌కి చలవ

ఇలాంటి బండ్లలో ముందు చేతులెత్తేసేది సాధారణంగా ఇంజన్ కాదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. దాని శత్రువు వేడి. ఆయిల్ 175 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటే మంచిది. ఆపైన ప్రతి 20 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు చెప్పే మోటు లెక్క. అందుకే విడిగా ఓ ట్రాన్స్‌మిషన్ కూలర్, ఓ టెంపరేచర్ గేజ్ పెట్టించాం. ఘాట్‌లో బండి మూడు, నాలుగు గేర్ల మధ్య ఊగిసలాడుతుంటే వేడి పుడుతుంది. టో హాల్ బటన్ నొక్కాలి, లేదా చేత్తోనే కింది గేర్లో పెట్టాలి. 3,500 ఆర్‌పీఎం దాటిందని కంగారు పడొద్దు. ఇంజన్ అరుస్తోందంటే పనిచేస్తోందని అర్థం.

ఎక్కడమే కాదు, దిగాలి కూడా

గేర్లు మార్చినంత మాత్రాన బండికి కంపెనీ ఇచ్చిన బరువు పరిమితి పెరగదు. ఫ్రేమ్ అదే, బ్రేకులు అవే. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడుతుంది. మన లెక్కలో 500 నుంచి 750 పౌన్లు. ట్రక్కులో కూర్చున్న మనుషులతో పాటు దాన్నీ డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న పరిమితిలో కలుపుకోవాలి. ట్రైలర్‌కి సొంత బ్రేకులు, ట్రక్కులో బ్రేక్ కంట్రోలర్ ఉండి తీరాలి. ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలన్నది మన ఘాట్ రోడ్ల లారీ డ్రైవర్లకు కొత్త సంగతేం కాదు.

మొత్తం ఖర్చు రెండున్నర వేల డాలర్ల లోపే అయింది. రాటన్ పాస్‌ని రెండో గేర్లో, 3,700 ఆర్‌పీఎం మీద, గంటకు 50 మైళ్ళతో ఎక్కారు. ‘‘లారీలతో పాటే కుడి లేన్‌లో పోయాం, ఎవరూ హారన్ కొట్టలేదు’’ అంది వదిన ఫోన్లో. గేర్‌బాక్స్ వేడి 200 దాటలేదట.

మీకూ ఇలాంటి ఆలోచన ఉంటే వరస ఇది: సర్వీసింగ్, కూలర్, బ్రేకులు, ఆ తర్వాత గేర్లు. వీటన్నిటికన్నా ముందు సామానంతా నింపిన ట్రైలర్‌తో ఏదైనా ట్రక్ స్టాప్‌లో కాటా వేయించండి. బరువు కంపెనీ పరిమితి దాటిందని తేలితే ఈ ఖర్చేదీ పెట్టకండి. సామాను తగ్గించండి, లేదా ఆ ఒక్క ప్రయాణానికి పెద్ద ట్రక్కు అద్దెకు తీసుకోండి.