వార్తల్లో పదం: లాస్ అవెర్షన్

వంద రూపాయలు వస్తే కలిగే సంతోషం కన్నా అదే వంద పోతే కలిగే బాధ పెద్దది. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లో సిద్ధాంతీకరించిన ఈ నష్టభయమే లాస్ అవెర్షన్. 1990లలో బోస్టన్‌లో జరిగిన ఫ్లాట్ల అమ్మకాలను ఆర్థికవేత్తలు జెనసోవ్, మేయర్ పరిశీలించారు. కొన్న ధర గిట్టని యజమానులు మిగతావారి కన్నా ఎక్కువ రేటు చెప్పారు, కొంత ఎక్కువే రాబట్టారు. కాకపోతే, బేరం తెగడానికి చాలాకాలం పట్టింది. పెట్టుబడిదారుల్లో ఈ పట్టు తక్కువే కానీ, లేకపోలేదు. ‘గజం ఇంతకు కొన్నా, పైసా తగ్గను’ అనే మాట మనకూ కొత్తకాదు. ఈలోగా బ్యాంకు వడ్డీ ఆగదు మరి! మీరు ఎంతకు కొన్నారో కొనేవాడికి అనవసరం. పక్క ప్లాటు ఈమధ్య ఎంతకు పోయిందో (కాగితం మీది ధర కాదు, అసలు ధర) కనుక్కుని రేటు చెప్పండి.