ఎదిగే పిల్లలకు ఎ.టి.వి. ఎంపిక

పిల్లలకు బట్టలు కొనేటప్పుడు ఒక సైజు పెద్దవి తీసుకోవడం మన ఇళ్ళలో తరతరాల ఆనవాయితీ. "ఎదిగే పిల్లవాడు, వచ్చే ఏడాదికి కూడా పనికివస్తుంది" అన్న మాట విననివారు మనలో ఉండరు. చొక్కా చేతులు మడచుకోవచ్చు, లాగూ అంచు లోపలికి మడిచి కుట్టించవచ్చు. సీటు అందకపోయినా ఫ్రేము సందులోంచి కాలు దూర్చి నాన్నగారి సైకిలు తొక్కడం నేర్చినవారమే మనలో చాలామందిమి. అయితే ఈ పొదుపు సూత్రాన్ని ఎ.టి.వి. కొనుగోలుకు వర్తింపజేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకు కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది.

అమెరికాలో చిన్న ఊళ్ళలో వైద్యులుగా స్థిరపడిన మనవారికీ, నగరం వెలుపల రెండు మూడు ఎకరాల ఇల్లు కట్టుకున్నవారికీ ఈ వాహనం కొత్త కాదు. పొరుగింటి పిల్లలు దాని మీద తిరుగుతూ ఉంటే మన పిల్లలు ఊరుకోరు. హోండా సంస్థ 1970లో మూడు చక్రాల బండితో ఈ వ్యాపారం ఆరంభించింది. 1982లో సుజుకీ నాలుగు చక్రాల బండిని తెచ్చింది. మూడు చక్రాలవి తరచుగా తలక్రిందులై ఎందరినో బలిగొన్న మీదట, 1988లో ప్రభుత్వంతో కుదిరిన కోర్టు ఒప్పందం ప్రకారం తయారీదారులు వాటి అమ్మకం మానివేశారు. 2008 నాటి వినియోగ వస్తువుల భద్రతా చట్టం, అంతవరకు స్వచ్ఛందంగా ఉన్న ప్రమాణాలను తప్పనిసరి చేసింది.

ముందుగా ఒక మాట చెప్పడం న్యాయం. పదహారేళ్ళు నిండని పిల్లలు ఎ.టి.వి. నడపనే కూడదని అమెరికా శిశువైద్యుల అకాడమీ అభిప్రాయం. ఆ మాట విని కొనడం మానుకున్న తల్లిదండ్రులను నేను పిరికివారని అనను. ఆరేళ్ళ లోపు పిల్లలకైతే ప్రమాణాలలో అసలు తరగతే లేదు కనుక అక్కడ చర్చకు తావు లేదు. కొనాలనే నిశ్చయించుకున్నవారికోసమే ఈ క్రింది విషయాలు.

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం ప్రయాణిస్తాయి. ఆ తేడాను సర్దడానికి కారులో డిఫరెన్షియల్ అనే అమరిక ఉంటుంది. చాలా ఎ.టి.వి.లలో వెనుక ఇరుసుకు ఆ అమరిక లేదు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించినట్లు కలిసి తిరుగుతాయి. అందువల్ల బండి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది, నేరుగా పోవడానికే మొగ్గుతుంది. దానిని తిప్పేది హ్యాండిల్ ఒక్కటే కాదు, నడిపేవాని దేహం కూడా. మలుపులో ముందుకు, లోపలి వైపుకు ఒరగాలి. మెట్ట ఎక్కేటప్పుడు ముందుకు వంగాలి, దిగేటప్పుడు వెనుకకు జరగాలి. అంత పొడవైన సీటు ఇద్దరు కూర్చోవడానికి అనుకుంటారు గాని, నిజానికి అది ఒక్కడే అటూ ఇటూ జరగడానికి ఉద్దేశించినది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. 600 పౌండ్ల బండి మీద 170 పౌండ్ల పెద్దమనిషి ఆరు అంగుళాలు పక్కకు జరిగితే, మనిషీ బండీ కలిసిన గరిమనాభి సుమారు 1.3 అంగుళాలు జరుగుతుంది. అదే బండి మీద 50 పౌండ్ల పిల్లవాడు అంతే దూరం జరిగితే అది అర అంగుళమైనా కదలదు. వాడు ఎంత ఒరిగినా బండికి తెలియదన్నమాట. అదే పిల్లవాణ్ణి 220 పౌండ్ల చిన్న బండి మీద కూర్చోబెడితే గరిమనాభి 1.1 అంగుళాలు జరుగుతుంది, అంటే దాదాపు పెద్దవాని పట్టు వానికి దక్కుతుంది. తెలివితేటలూ శిక్షణా ఎంత ఉన్నా ఈ నిష్పత్తిని మార్చలేవు.

దీనిని నేను లెక్కల పుస్తకంలో నేర్వలేదు. మా అబ్బాయికి ఏడేళ్ళప్పుడు టెక్సాస్‌లో ఒక మిత్రుని పొలానికి వెళ్ళాము. అక్కడి పెద్ద బండిని "మెల్లగా పోనిస్తాడులే" అని వాని చేతికిచ్చాము. నిజంగానే మెల్లగానే పోయాడు. మన కాలువ గట్టు పాటి వాలు కూడా లేని చోట బండి పక్కకు ఒరిగింది. వాడు అటువైపు కాక ఇటువైపు పడ్డాడు. మోచేయి గీసుకుపోవడంతో గండం గడిచింది. ఆ బండిని లేపడానికి మేము ముగ్గురం పట్టవలసి వచ్చింది.

ఇక వేగం సంగతి. పూర్వం ఇంజను పరిమాణాన్ని, అంటే ఎన్ని సి.సి.లు అన్నదానిని బట్టి వయస్సు నిర్ణయించేవారు. ఇప్పుడు కొలమానం వేగం. ఆరేళ్ళు దాటినవారి తరగతిలో బండి గరిష్ఠ వేగం గంటకు 15 మైళ్ళు మించరాదు, పరిమితి బిగిస్తే 10 మైళ్ళకు తగ్గాలి. పదేళ్ళ, పన్నెండేళ్ళ తరగతులలో గరిష్ఠం 30 మైళ్ళు, పరిమితితో 15. పద్నాలుగేళ్ళవారికి 38, పరిమితితో 20. పదహారు నిండితేనే పెద్దల బండి. ఏ వయస్సుకు తగినదో బండి మీద అంటించిన హెచ్చరిక పత్రంలో ఉంటుంది.

ఈ అంకెలు కాగితం మీద చిన్నవిగా కనిపిస్తాయి. ప్రమాదాన్ని చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. వదులు మట్టిలో బ్రేకు పట్టు గురుత్వ త్వరణంలో సగం అనుకుందాం. 10 మైళ్ళ వేగంలో బండి ఆగడానికి సుమారు 21 అడుగులు పడుతుంది. 15 మైళ్ళలో 37 అడుగులు, 30 మైళ్ళలో నూరడుగులకు పైమాటే. గతిజశక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, 30 మైళ్ళలో చెట్టుకు తగిలే దెబ్బ 10 మైళ్ళలో తగిలే దెబ్బకు తొమ్మిది రెట్లు.

దుకాణానికి పిల్లవాణ్ణి వెంట తీసుకువెళ్ళండి. పుట్టినరోజుకు ఆశ్చర్యపరచాలని వాడు లేకుండా కొనవద్దు. బండి ఎక్కించి, పాదాలు ఆనే మెట్ల మీద నిలబెట్టండి. సీటుకూ, కాళ్ళ సందుకూ మధ్య 3 నుండి 6 అంగుళాల ఎడం ఉండాలి. కూర్చున్నప్పుడు తొడలు నేలకు సమాంతరంగా ఉండాలి. హ్యాండిల్ ఒక కొస నుండి మరొక కొస వరకు తిప్పినా మోచేతులలో వంపు మిగలాలి. కుడి బొటనవ్రేలు థ్రాటిల్‌ను సునాయాసంగా నొక్కగలగాలి, వ్రేళ్ళు బ్రేకు చుట్టూ చుట్టుకోవాలి. మడమ మెట్టు మీదే ఉంచి పాదంతో కాలి బ్రేకు తొక్కగలగాలి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ బండి వానిది కాదు.

వేగాన్ని పరిమితం చేసే మర ఉన్నదా, దానిని తిప్పే పనిముట్టు మీ వద్దనే ఉంటుందా చూడండి. పిల్లవాని మణికట్టుకు కట్టే తాడు ఊడితే ఇంజను ఆగిపోయే అమరిక ఉంటే మరీ మంచిది. పార్కింగ్ బ్రేకు తప్పక ఉండాలి. చౌకగా వచ్చే కొన్ని దిగుమతి బండ్లు ఈ ప్రమాణాలకు తగవని కేంద్ర వినియోగ వస్తువుల భద్రతా సంఘం పలుమార్లు హెచ్చరించింది. ధర చూసి మురిసిపోకుండా, విడిభాగాలూ మరమ్మతూ దొరికే దుకాణంలోనే కొనడం మేలు.

హైదరాబాదులో స్కూటరు ముందు పిల్లవాణ్ణి నిలబెట్టుకొని, వెనుక ఇల్లాలిని కూర్చోబెట్టుకొని తిరిగిన అలవాటు మనది. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. ఒక్కరికై చేసిన బండి మీద రెండవ మనిషి కూర్చుంటే, నడిపేవాడు జరగడానికి చోటే ఉండదు. తారురోడ్డు మీద కూడా దీనిని తిప్పరాదు. మూడు నుండి ఐదు పౌండ్ల గాలితో మెత్తగా ఉండే టైర్లు, డిఫరెన్షియల్ లేని ఇరుసు మట్టి నేలకు చేసినవి. గట్టి రోడ్డు మీద చక్రం జారే వీలు లేక బండి పల్టీ కొడుతుంది. సైకిలు టోపీ చాలదు, మోటారు వాహనాలకు రవాణా శాఖ ముద్ర ఉన్న హెల్మెట్ కావాలి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, చీలమండ కప్పే బూట్లు సరేసరి. చట్టం రాష్ట్రానికొక తీరుగా ఉంటుంది. మసాచుసెట్స్ 2010లో చేసిన చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళ లోపువారు వినోదానికి నడపనే కూడదు. మీ రాష్ట్రపు నిబంధన తెలుసుకున్న తరువాతే డబ్బు తీయండి.

మా అబ్బాయికి తరువాత బండి చూడబోతే దుకాణదారు ఒక మెట్టు పైదే చూపించి, "ఎదుగుతాడు కదా" అన్నాడు. అచ్చం మా నాయనమ్మ మాట. వాణ్ణి ఎక్కించి చూస్తే బొటనవ్రేలు థ్రాటిల్‌కు అందలేదు. చిన్నదే కొన్నాము. ఆరు నెలలకొకసారి వాణ్ణి మెట్ల మీద నిలబెట్టి సీటు ఎడం కొలిచేవాణ్ణి. మూడో ఏట అది ఆరు అంగుళాలు దాటింది. బండిని సగం ధరకు మరొక తెలుగు కుటుంబానికి ఇచ్చివేశాము, వారి అమ్మాయిని ముందు ఎక్కించి చూసిన తరువాతనే.