“ముప్పై ఏళ్ళుగా పేడలోనే ఉన్నాం, మనకేం కాదు” అనుకుంటున్నారా? ధనుర్వాతం, మన రోగనిరోధక శక్తి

పై వీడియోలో జీవామృతం డ్రమ్ము దగ్గర కూర్చుని చెప్పిన విషయమే ఇది. అక్కడ తొందరగా ముగించేశాను కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మొన్న 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతం కలుపుతుంటే, మా పొలంలో పనిచేసే బాబాయ్ కాలికి పాత చెక్కకున్న తుప్పు మేకు దిగింది. రక్తం పెద్దగా రాలేదు. కాస్త పసుపు అద్ది మళ్ళీ కర్ర పట్టుకున్నాడు. ఆసుపత్రికి వెళ్దాం పద అంటే, “ఏం కాదులే అబ్బాయ్, ముప్పై ఏళ్ళుగా ఈ పేడలోనే ఉన్నాం, మన ఒంటికి ఇది అలవాటే” అన్నాడు.

ఈ మాట మన ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళ దగ్గర చాలాసార్లు విన్నాను. మందులు కొట్టని తిండి తింటాం, మట్టిలో తిరుగుతాం, కాబట్టి మనకి ఇమ్యూనిటీ ఎక్కువ అని. మంచి తిండి, కష్టం, నిద్ర ఒంటికి బలమే, కాదనను. కానీ రోగనిరోధక శక్తి అంటే బలం ఒక్కటే కాదు. శత్రువుని గుర్తుపట్టడం కూడా. అసలు తేడా అక్కడే ఉంది.

గాయమైతే ఒంట్లో ఏం జరుగుతుంది?

మన ఒంటికి మొదటి కంచె చర్మం. అది తెగితే వెంటనే రక్తం గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఈలోపు లోపలికి దూరిన సూక్ష్మజీవుల్ని అక్కడే కాపలా ఉండే కణాలు పట్టుకుని మింగుతాయి, సాయం కోసం కబురు పెడతాయి. కొన్ని గంటల్లో రక్తంలోంచి తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చేస్తాయి. గాయం చుట్టూ ఎర్రబడటం, వాయడం, వేడెక్కడం అంతా ఈ పోరాటం వల్లే. చీములో ఎక్కువ భాగం ఆ పోరాటంలో చనిపోయిన తెల్లకణాలే. ఒక్కోసారి జ్వరం కూడా వస్తుంది. ఒళ్ళు వేడెక్కితే చాలా సూక్ష్మజీవుల పెరుగుదల నెమ్మదిస్తుంది.

ఈ మొదటి దళం ఎవరొచ్చినా ఒకేలా కొడుతుంది. రెండో దళం అలా కాదు. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కట్టడం మనందరికీ తెలిసిందే కదా. గాయం దగ్గరి కణాలు శత్రువు ముక్కల్ని ఆ బిళ్ళల దగ్గరికి మోసుకెళ్ళి చూపిస్తాయి. అక్కడున్న కోట్ల కణాల్లో ఆ ముక్కకి సరిగ్గా సరిపోయేవి నిద్రలేచి, పెరిగి, యాంటీబాడీలు తయారుచేస్తాయి. మొదటిసారి దీనికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పని అయిపోయాక కొన్ని కణాలు ఆ శత్రువుని గుర్తుపెట్టుకుని మిగిలిపోతాయి. అదే శత్రువు మళ్ళీ వస్తే కొద్ది రోజుల్లోనే గట్టిగా కొడతాయి. తట్టు ఒకసారి వచ్చినవాళ్ళకి సాధారణంగా మళ్ళీ రాకపోవడానికి కారణం ఇదే.

మరి ధనుర్వాతంలో ఈ లెక్క ఎందుకు తప్పుతుంది?

ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా పేరు క్లాస్ట్రిడియం టెటాని. ఇది గింజలాంటి గట్టి రూపంలో, అంటే స్పోర్ల రూపంలో, మట్టిలోనూ పశువుల పేడలోనూ ఏళ్ళ తరబడి ఉండగలదు. నాటు ఆవు పేడకి కూడా మినహాయింపు లేదు. మామూలుగా నీళ్ళు మరిగిస్తేనే చావని స్పోర్లు ఇవి. రెండు రోజులు పులియబెట్టిన జీవామృతంలో చస్తాయని అనుకోకండి.

ఈ బ్యాక్టీరియాకి గాలి పడదు. అందుకే పైపైన గీసుకున్న దాని కంటే, మేకు, ముల్లు, గునపం లోతుగా దిగిన సన్నటి గాయమే దానికి అనుకూలం. పైన మూసుకుపోతుంది, లోపల గాలి ఆడదు, స్పోర్లు మొలుస్తాయి. తుప్పు వల్ల ధనుర్వాతం రాదు. మేకుకి అంటిన మట్టి, పేడ, గాయం లోతు, వీటి వల్ల వస్తుంది.

మొలిచాక అది వదిలే విషం నరాల్లోకి చేరి వెన్నుపాము దాకా వెళ్తుంది. కండరాలు వదులయ్యేలా చేసే సంకేతాల్ని అడ్డుకుంటుంది. దవడలు బిగుసుకుంటాయి, తర్వాత ఒళ్ళు విల్లులా వంగుతుంది. ధనుర్వాతం అనే పేరు అలాగే వచ్చింది. ఇది సాధారణంగా గాయమైన 3 నుంచి 21 రోజుల్లోపు మొదలవుతుంది. అప్పటికి గాయం మానిపోయి ఉండొచ్చు కూడా.

అసలు విషయం ఇక్కడుంది. ఈ విషం ఎంత ఘాటైనదంటే, మనిషి ప్రాణం తీసే మోతాదు మన రెండో దళాన్ని నిద్రలేపడానికి కూడా చాలదు. అందుకే ధనుర్వాతం వచ్చి బతికి బయటపడ్డవాళ్ళకి కూడా దానివల్ల రక్షణ రాదు, వాళ్ళూ టీకా వేయించుకోవాల్సిందే. ఇక ముప్పై ఏళ్ళు పేడ తొక్కితే వచ్చే అలవాటు ఏముంటుంది చెప్పండి?

టీకా ఏం నేర్పుతుంది?

1890లో బెర్లిన్‌లో ఎమిల్ వాన్ బేరింగ్, కిటసాటో షిబసబురో కలిసి ఒక సంగతి చూపించారు. ఈ విషానికి తట్టుకునేలా చేసిన కుందేళ్ళ సీరం ఎలుకలకిస్తే, ఎలుకలు కూడా ఆ విషం నుంచి బయటపడ్డాయి. అంటే రక్షణ రక్తంలోనే తయారవుతోందన్నమాట. ఇప్పటి టీకాలో ఆ విషాన్నే ఫార్మలిన్‌తో విరిచి ఇస్తారు. కోరలు తీసిన పాము లాంటిది. కరవలేదు, కానీ రూపం అదే. మన కణాలు ఆ రూపాన్ని తీరిగ్గా గుర్తుపెట్టుకుంటాయి. నిజం విషం వచ్చినప్పుడు యాంటీబాడీలు అది నరంలోకి దూరకముందే పట్టేస్తాయి. ఒకసారి నరంలోకి వెళ్ళాక యాంటీబాడీలు దాన్ని ఏమీ చేయలేవు.

మనం చేయాల్సింది

- గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో బాగా కడగండి. పేడ, మట్టి, సున్నం పెట్టకండి. గడ్డి చామంతి ఆకు రసం పిండినా, పసుపు రాసినా అది టీకాకి బదులు కాదు.
- చిన్నప్పటి డోసులు పూర్తయినవాళ్ళు 10 ఏళ్ళకోసారి బూస్టర్ వేయించుకోవాలి. మట్టి, పేడ తగిలిన గాయమైతే, చివరి డోసు 5 ఏళ్ళు దాటి ఉంటే మళ్ళీ వేయించుకోవాలి.
- ఎప్పుడూ వేయించుకోనివాళ్ళకి మూడు డోసులు కావాలి. మురికి గాయమైతే వీళ్ళకి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్, అంటే రెడీగా ఉన్న యాంటీబాడీలు కూడా అవసరం. టీకా పనిచేయడానికి టైం పడుతుంది, విషం అంతవరకు ఆగదు.
- దవడ బిగిసినా, మింగడం కష్టమైనా ఇంట్లో వైద్యం వద్దు. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి.
- డ్రమ్ము దగ్గర బూట్లు, చేతికి దెబ్బ ఉంటే గ్లౌజులు వేసుకోండి. వీడియోలో నేను ఉత్త కాళ్ళతో ఉన్నాను, అది నా తప్పు.

ఇంకో మాట. ఆడవాళ్ళకి గర్భిణిగా ఉన్నప్పుడు ఈ టీకా ఇస్తారు. పిల్లలకి 10, 16 ఏళ్ళప్పుడు టీడీ ఇస్తారు. ఆ తర్వాత మగవాళ్ళకి గుర్తుచేసే సందర్భమే రాదు, దెబ్బ తగిలితే తప్ప.

ఆరోజు పీహెచ్‌సీలో సిస్టర్ “చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారు?” అని అడిగితే బాబాయ్ దగ్గర సమాధానం లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గర కూడా లేదు. పశువుల పాక గోడ మీద మాత్రం గాలికుంటు టీకా తేదీ, మళ్ళీ ఆరు నెలలకి ఎప్పుడు వేయాలో సుద్దతో రాసి ఉంది. ఇంటికొచ్చాక దాని కిందే మా ఇద్దరి తేదీలు కూడా రాశాను. మీ పాక గోడ మీద కూడా రాసుకోండి.