సర్వరు హెచ్చరిక: రద్దీయా, దాడియా?

పరీక్షా ఫలితములు వెలువడు దినమున వేలకొలది విద్యార్థులు ఒకేసారి ఫలితముల సర్వరును ఆశ్రయింతురు. అట్టి సమయమున, లినక్సుతో నడచు సర్వరు చిట్టాలో "443వ పోర్టున సిన్ వరద కావచ్చును" అను అర్థముగల హెచ్చరిక కనబడవచ్చును. ఇందు "కావచ్చును" అను మాట ముఖ్యమైనది. అది తీర్పు కాదు, విచారణకు పిలుపు. తొందరపడి ద్వారము మూసినచో నిజమైన విద్యార్థులే నష్టపోవుదురు. ఉపేక్షించినచో సర్వరు మూగపోవచ్చును.

రెండు కంప్యూటర్లు టి.సి.పి. పద్ధతిని సంభాషించుటకు ముందు మూడు సందేశములు నడచును. కోరు యంత్రము "సిన్" పంపును. సర్వరు "సిన్-ఆక్" అని బదులిచ్చును. కోరిన యంత్రము తిరిగి "ఆక్" పంపగానే సంబంధము పూర్తియగును. ఆ ఆక్ వచ్చువరకు సర్వరు తన జ్ఞాపకమందలి ఒక వరుసలో ఆ కోరికకు చోటు కేటాయించును. ఈ చోట్లు పరిమితములు.

బస్సు కిటికీగుండా తువాలు వేసి సీటు ఆపుట అందరెరిగినదే. వేసినవాడు వెంటనే ఎక్కి కూర్చున్నచో చిక్కు లేదు. ఎవరును ఎక్కకయే అన్ని సీట్లపై తువాళ్లు పడినచో, బస్సు ఖాళీగా ఉండియు ప్రయాణికులకు చోటుండదు. సిన్ వరద ఇట్టిదే. దాడి చేయువాడు దొంగ చిరునామాలతో సిన్‌లు పంపును. సర్వరు బదులు అతనికి చేరదు. ఆక్ ఎన్నటికిని రాదు.

వరుసలో 256 చోట్లున్నవనియు, జవాబు రాని కోరికకై సర్వరు 60 సెకనులు వేచియుండుననియు అనుకొనిన, సెకనుకు 5 దొంగ సిన్‌లు చాలును; 5 × 60 = 300. నిజమైన కోరికకు ఆక్ 0.2 సెకనులలో వచ్చినచో, సెకనుకు 1000 కోరికలు వచ్చినను నిండునవి 200 చోట్లే. 2000 వచ్చినచో 400 చోట్లు కావలెను. అప్పుడు దాడి లేకయే హెచ్చరిక పుట్టును.

ఈ లెక్కయే నిదానమునకు దారి చూపును. మొదట, సగములో నిలిచిన సంబంధములు ఎంతసేపు నిలుచుచున్నవో చూడవలెను. క్షణములో తీరుచున్నచో రద్దీ. చాలసేపు కదలక నిలిచినచో అనుమానింపవలెను. రెండవది, పూర్తియైన సంబంధములును పెరిగినవా? రద్దీలో రెండును పెరుగును. దాడిలో సిన్‌లు మాత్రమే పెరుగును. మూడవది, ఆ చిరునామాలలో ఎన్ని ఎన్నడైన సంభాషణ పూర్తిచేసినవి? దొంగ చిరునామాను నిషేధించుట వ్యర్థము. దాని అసలు యజమాని నిరపరాధి కావచ్చును.

రద్దీయైనచో వరుసను పెంచవలెను, లేదా మరికొన్ని సర్వరులను చేర్చవలెను. దాడికి వేరొక ఉపాయము గలదు. 1996 సెప్టెంబరులో న్యూయార్కులోని పానిక్స్ అను ఇంటర్నెట్ సంస్థపై ఇట్టి దాడి జరిగెను. ఆ నెలలోనే డానియల్ బెర్న్‌స్టీన్, ఎరిక్ షెంక్ "సిన్ కుకీ" పద్ధతిని రూపొందించిరి. ఇందు సర్వరు చోటు కేటాయింపదు. చిరునామాలు, పోర్టులు, కాలము, ఒక రహస్యసంఖ్యలనుండి 32 బిట్ల సంఖ్యను గణించి బదులులో పంపును. నిజమైన యంత్రము దానికి ఒకటి కలిపి తిరిగి పంపును. సర్వరు సరిచూచి అప్పుడే ద్వారము తెరచును.

అయినను వరద ఉధృతికి తంత్రీమార్గమే నిండినచో కుకీ చాలదు. అప్పుడు పైనుండి సంబంధమిచ్చు సంస్థయే దొంగ సందేశములను దారిలో వడకట్టవలెను.