డీజిల్ చుక్కకు ఇరుగుపొరుగు

కడప నుంచి రాయచోటికి పోతూ గువ్వలచెరువు ఘాట్‌లో లారీ వెనక చిక్కుకున్నామంటే బస్సు అద్దాలు మూసుకోవాల్సిందే. నాపరాళ్లు నిండా వేసుకుని మూలుగుతూ ఎక్కుతుంటుంది, వెనక నల్లటి పొగ. గువ్వలచెరువులో పాలకోవా నోట్లో వేసుకున్నా ముందు ఆ పొగ వాసనే తగులుతుంది. "డీజిల్ మండిపోతే పొగెందుకు తాతా?" అన్నాడు మనవడు.

పూర్తిగా మండితే కదా అబ్బీ!

ఇంజన్‌లోకి డీజిల్ ధారగా పోదు. నాజిల్ సన్నని బెజ్జాల్లోంచి బలంగా చిమ్మితే తుంపరవుతుంది. ఒక్కో చుక్క తలవెంట్రుక మందం కూడా ఉండదు. పిస్టన్ నొక్కుడుకు లోపలి గాలి అప్పటికే వందల డిగ్రీలు కాగి ఉంటుంది కాబట్టి స్పార్క్ ప్లగ్గుతో పనిలేకుండానే అంటుకుంటుంది. అయితే మండేది చుక్క కాదు, దాన్నుంచి లేచే ఆవిరి.

ఒంటరి చుక్క లెక్క సులువు. అడ్డుకొలత రెట్టింపైతే మండడానికి నాలుగింతల సమయం. 1950లలోనే తేలిన సంగతిది. చిక్కంతా ఇరుగుపొరుగుతోనే.

మన పొలాల్లో ఒక బోరు పక్కనే ఇంకో బోరు వేస్తే రెండూ ఒకే నీటిని తోడతాయి, రెండింటికీ అరకొరే. చుక్కలకు ఆక్సిజన్ అట్లాంటిది. మరీ ఒత్తుగా ఉంటే ఏ చుక్క మంట దానికి ఉండదు, గుంపు మొత్తాన్ని చుట్టి ఒకటే మంట. నడిమధ్య చుక్కలు ఆవిరవుతాయి గానీ గాలి అందదు. ఆ ఆవిరే వేడికి విరిగి మసి అవుతుంది. చియు అనే శాస్త్రవేత్త 1970లలో ఈ గుంపు మంటకు లెక్క కట్టాడు. ఘాట్‌లో డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కితే ఉన్న గాలికే డీజిల్ ఎక్కువవుతుంది. నాజిల్ అరిగితే చుక్కలూ లావవుతాయి. ఇక పొగ రాకేం చేస్తుంది?

అంటుకోవడంలోనూ పొరుగు పేచీ ఉంది. ఆవిరి కావడానికి ప్రతి చుక్కా చుట్టూ గాలి నుంచి వేడి లాక్కుంటుంది. అన్నీ ఒక్కసారి లాగితే గాలి చల్లబడి మంట ఆలస్యమవుతుంది.

అట్లని పొరుగు వద్దనుకుంటే అదీ కుదరదని ప్రయోగాలు చెబుతున్నాయి. భూమ్మీద మంట పైకి ఎగబాకి లెక్క చెడగొడుతుందని, జపాన్‌లో కుమగాయ్ అనే శాస్త్రవేత్త 1950లలో మండే చుక్క ఉన్న పెట్టెనే పైనుంచి జారవిడిచి, అది పడుతూ బరువు తెలియని ఆ కాసేపట్లో చూశాడు. తర్వాత ఆ దేశం వాళ్లే అంతరిక్ష కేంద్రంలోని కిబో గదిలో సన్నని పోగుల మీద చుక్కలు పేర్చి అంటించారు. ఇట్లాంటి ప్రయోగాల్లో తేలిందేమంటే, చుక్కలు మరీ దగ్గరైనా మంట నెమ్మదిగానే పాకుతుంది, మరీ దూరమైతే అసలు పాకదు. నడుమ ఎక్కడో ఒక దూరంలో జోరు ఎక్కువ. ఇంకో తమాషా, రెండు చుక్కలు జతగా మండుతుంటే ఒక్కదానికి అందనంత దూరంలో ఉన్న మూడోదాన్ని కూడా అంటించగలవు.

ఇది లారీల గొడవే కాదు. ఎర్రగుంట్ల దగ్గర 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది కదా. అట్లాంటి చోట బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు బొగ్గుపొడి దానంతటది అంటుకోదు. ముందు ఆయిల్ తుంపరను మండించి కొలిమి కాగబెడతారు, ఆ మంటలోకి బొగ్గుపొడి వదులుతారు. అక్కడ బొగ్గు రేణువులకూ ఆక్సిజన్ కోసం ఇదే పోటీ.