పాల బిల్లులోనే పొదుపు: కష్టకాలంలో ఆవును అమ్ముకోకుండా ఉండే దారి

అలిపిరి దగ్గర జనం పలచబడితే ఆ దెబ్బ మన పాల క్యాను దాకా వస్తుంది. తిరుమలకు బస్సులో పోయేవారు, నడిచి పోయేవారిలో చాలామంది అలిపిరి మీదుగానే కొండెక్కుతారు. ఆ యాత్రికులను నమ్ముకొని తిరుపతిలో కాఫీ హోటళ్లు, టీ అంగళ్లు, మిఠాయి దుకాణాలు నడుస్తున్నాయి. వాటికి కావలసిన పాలు, పెరుగు పల్లెల్లో మన పశువుల కొట్టాల నుంచే పోవాలి.

2020 మార్చి 20న కరోనా వల్ల తిరుమలలో భక్తుల దర్శనం నిలిపివేశారు. కొద్ది రోజుల్లోనే దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. జూన్ 8న ఉద్యోగులతో, స్థానికులతో ప్రయోగాత్మకంగా దర్శనం మొదలుపెట్టి, 11 నుంచి మిగతా భక్తులను అనుమతించారు. దాదాపు 80 రోజులు కొండదారి బోసిపోయింది. మరుసటి సంవత్సరం నవంబరులో కురిసిన భారీ వానలకు కొండదారులను కొన్నాళ్లు మూసివేశారు. అంతకుముందు 2002లో చిత్తూరు సహకార డెయిరీయే మూతబడింది. ఇవన్నీ చెప్పి వచ్చిన కష్టాలు కావు. అయితే ఏ కష్టం వచ్చినా ఆవు మేత ఆపదు, పూటకు పిండక తప్పదు.

ఇటువంటి సమయంలో చేతిలో నాలుగు రూపాయలు లేని కుటుంబానికి రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి వడ్డీకి తేవడం, రెండవది ఆవును సంతకు తోలడం. ఆవును అమ్మేనాడు అవసరం మనది కనుక ధర కొనేవాడు చెప్పినంతే. మళ్లీ కొనేనాడు కూడా అవసరం మనదే కనుక ధర అమ్మేవాడు చెప్పినంత. రెండు తడవలా నష్టపోయేది మనమే. ఆ మధ్యకాలంలో పాల బిల్లు కూడా ఉండదు. ఈ అవస్థ రాకుండా ఏం చేయాలో సభ్యులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

లెక్క ఒకసారి చూద్దాం

వేరుశనగ వేసిన రైతుకు డబ్బు సంవత్సరానికి ఒకమారు వస్తుంది. పాడి రైతుకు పది పదిహేను రోజులకు ఒకమారు వస్తుంది. చిన్న మొత్తమే అయినా తప్పకుండా వస్తుంది. మనకున్న పెద్ద బలం ఇదే. దీన్ని పొదుపుకు వాడుకుంటున్నామా అన్నదే ప్రశ్న.

ఉదాహరణకు రెండు ఆవులున్న ఇల్లు అనుకుందాం. సగటున రోజుకు 10 లీటర్లు పోస్తున్నారు. లెక్క కోసం లీటరు 35 రూపాయలు అనుకుంటే 15 రోజుల బిల్లు 5,250 రూపాయలు. అందులో దాణాకు, మేతకు, మందులకు 3,000 పోతే మిగిలేది 2,250. అందులోంచి బిల్లుకు 300 రూపాయలు పక్కన పెడితే సంవత్సరానికి 24 బిల్లుల మీద 7,200 అవుతుంది.

ఇదే కుటుంబం పొదుపు లేక, కష్టకాలంలో నూటికి మూడు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చిందనుకుందాం. నెలకు వడ్డీ 600, సంవత్సరానికి 7,200. అంటే మనం పొదుపు చేయగలిగిన మొత్తమంతా వడ్డీకే పోయింది, అసలు అలాగే ఉంది. పొదుపు చేయడానికి మిగలదు అనుకునే సభ్యులు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలని మా మనవి. నూటికి మూడు రూపాయలు అంటే మాటకు తేలికగా ఉంటుంది గాని, సంవత్సరానికి 36 శాతం.

ఎంత ఉండాలి, ఎక్కడ ఉండాలి

కనీసం మూడు నెలల దాణా ఖర్చు ఎప్పుడూ చేతికందేటట్టు ఉండాలి. పై ఉదాహరణలో అది 18,000 రూపాయలు. బిల్లుకు 300 చొప్పున రెండున్నర సంవత్సరాలు పడుతుంది. ఇది తక్కువ కాలం కాదు. కాబట్టి పెయ్యను అమ్మినప్పుడు, పంట డబ్బు వచ్చినప్పుడు కొంత దీనికి కలపాలి. ఆవు ఈనిన మొదటి మూడు నెలలు పాలు ఎక్కువగా ఉంటాయి కనుక అప్పుడు బిల్లుకు 500 వేసి, వట్టిపోయిన కాలంలో 100 వేసినా సరిపోతుంది. మొత్తం తగ్గినా ఫర్వాలేదు, అలవాటు తప్పకూడదు.

ఈ డబ్బును పాల బిల్లు పడే ఖాతాలోనే ఉంచితే ఖర్చయిపోతుంది. ఇంటి ఇల్లాలి పేరున వేరే పొదుపు ఖాతా తెరిచి, బిల్లు పడిన రోజే అందులోకి మార్చాలి. ఖర్చులు పోను మిగిలింది దాచుదామంటే మిగలదు. దాచిన తర్వాత మిగిలిందే ఖర్చు పెట్టాలి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో నెలకు 100 రూపాయల నుంచి కట్టవచ్చు గాని, అది అయిదేళ్ల గడువుది. మధ్యలో తీయడం కష్టం. కాబట్టి ముందు మూడు నెలల దాణా డబ్బు మామూలు పొదుపు ఖాతాలో చేరిన తర్వాతే అటు పోవాలి. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క బ్యాంకులో 5 లక్షల రూపాయల వరకు బీమా రక్షణ ఉంది. 1 లక్షగా ఉన్న ఈ హద్దును 2020 ఫిబ్రవరిలో పెంచారు.

అప్పు తప్పనిసరి అయితే

అప్పు అసలే వద్దని మేము చెప్పడం లేదు. ఏ అప్పు అన్నది చూసుకోవాలి. కిసాన్ క్రెడిట్ కార్డు సౌకర్యాన్ని 2018-19లో పాడి రైతులకు కూడా వర్తింపజేశారు. పశుపోషణకు 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా తిరిగి కడితే 4 శాతమే పడుతుంది. అదే 20,000 రూపాయలకు సంవత్సరానికి వడ్డీ 800. పైన చెప్పిన 7,200తో పోల్చి చూడండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నట్టు, కార్డు మంచి రోజుల్లోనే తీసుకొని ఉంచుకోవాలి. కష్టం వచ్చిన రోజు బ్యాంకుకు పోతే కాగితాలకే కాలం గడిచిపోతుంది.

కష్టం వచ్చినప్పుడు ఈ వరుస పాటించడం మేలు:

1. ముందు దాచిన దాణా డబ్బు వాడాలి.
2. చాలకపోతే కార్డు మీద అప్పు, లేదా బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకోవాలి.
3. అప్పటికీ తీరకపోతే కోడెదూడలను, ఎన్ని తడవలు చూసినా చూడి నిలవని పశువును అమ్మాలి.
4. పాలిచ్చే ఆవు, చూడి ఆవు చిట్టచివరి మాట. చూడి ఆవుకు దాణా తగ్గించడం కూడా పొదుపు కాదు. ఈనిన తర్వాత పాలు తగ్గి ఆ నష్టం మన మీదికే వస్తుంది.

ఆవుకు, మనిషికి బీమా

ఎంత దాచినా ఒక ఆవు చనిపోతే ఆ పొదుపు చాలదు. జాతీయ పశుసంపద మిషన్ కింద పశువుల బీమాలో రైతు కట్టవలసిన ప్రీమియం వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి. చెవిపోగు ఊడితే వెంటనే పశువైద్యశాలలో చెప్పి మళ్లీ వేయించాలి. పశువు చనిపోతే పూడ్చక ముందే డాక్టరుకు, బీమా వారికి తెలియజేయాలి.

ఇంటి యజమానికి కూడా బీమా ఉండాలి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు సంవత్సరానికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు. ఒక్కొక్కటి 2 లక్షలకు రక్షణ. మొదటిది ప్రమాదాలకు, రెండవది ఏ కారణంతో మరణించినా వర్తిస్తుంది. మే నెలాఖరుకు ఖాతాలో ఆ డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. ఇది చాలామంది మరిచిపోయే విషయం.

ఎక్కువ వడ్డీ ఆశ

రోజులు బాగాలేనప్పుడే ఊళ్లోకి ఏజెంట్లు ఎక్కువగా వస్తారు. అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టినవారు మన రాష్ట్రంలో లక్షల మంది నష్టపోయారు. చిన్న డిపాజిటుదారులకు 2019లోను, 2021లోను ప్రభుత్వం చెల్లింపులు చేయవలసి వచ్చింది. బ్యాంకుకు రెండింతల వడ్డీ ఇస్తామన్న చోట అసలుకే ముప్పు. చీటీ కట్టేవారు అది 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరు అయిందా అని అడగాలి. అడిగితే కోపగించుకునేవారి దగ్గర కట్టకూడదు.

సంఘం చేయదగినది

రానున్న సర్వసభ్య సమావేశంలో ఈ విషయం ఒక అంశంగా పెట్టాలని పాలకవర్గాలకు మా విజ్ఞప్తి. ఎందరికి కిసాన్ కార్డు ఉంది, ఎన్ని ఆవులకు బీమా ఉంది అన్న జాబితాను కార్యదర్శి రాసి పెట్టుకుంటే, లేనివారందరినీ ఒకే రోజు బ్యాంకుకు, పశువైద్యశాలకు తీసుకుపోవచ్చు. సభ్యుని దగ్గర ఆవు నిలిస్తేనే సంఘానికి పాలు నిలుస్తాయి. వచ్చే పాల బిల్లు నుంచే బిల్లుకు ఇంత అని మొదలుపెట్టవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాము.