నమ్మకమైన బండి ఏది?



సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో తారురోడ్డు మీద ఏ బండి అయినా నడుస్తుంది. అసలు పరీక్ష రోడ్డు దిగి వానకాలం నల్లరేగడి బాటలో పడ్డాకే. అందుకనే థార్, జిమ్నీ, గూర్ఖా బండ్లలో ఏది మేలని కొందరు రైతులు అడుగుతున్నారు.

మొదట ఒక సంగతి. బురద దాటే శక్తి వేరు, నమ్మకం వేరు. నాలుగు చక్రాలూ లాగి, లో గేరు ఉంటే బండి బురద దాటుతుంది. జిమ్నీ, గూర్ఖాలలో ఈ రెండూ ఉన్నాయి. థార్‌లో వెనుక చక్రాలే లాగే రకం కూడా 2023లో వచ్చింది, చూచి కొనవలెను.

మరి నమ్మకమంటే? నడిరాత్రి నిండు చూలాలిని ఆసుపత్రికి తీసుకుపోతుంటే దారిలో ఆగకపోవడం. ఇది షోరూములో కనిపించదు. దూరపు కొండలు నునుపు కదా! ఆ బండినే మూడు వానకాలాలు నడిపిన నలుగురిని అడగండి. ఏ భాగం చెడింది? ఎన్నాళ్లు షెడ్డులో ఉంది? రిపేరు బిల్లులు చూడండి. థార్ పెట్రోలు, డీజిలు రెండింటిలోనూ దొరుకుతుంది కనుక ఏ ఇంజనో కూడా అడగండి.

ఒక్కరు మెచ్చారని కొనవద్దు, ఒక్కరు తిట్టారని మానవద్దు. ఆయన వేళకు ఆయిలు మార్చాడో లేదో మనకేం తెలుసు! కొత్తగా వచ్చిన రకమైతే ఒక ఏడాది ఆగి చూడడం మంచిది.

చివరకు రెండు బండ్లు సమానంగా తూగితే, మీ ఊరికి దగ్గరలో మెకానిక్కు, విడిభాగాలు దొరికే బండినే ఎన్నుకోండి.